అరచేతి కింది అరుపు

సంగటి ముద్ద చేతికి అంటుకోకుండా నీళ్ళలో వేళ్ళు తడుపుకొంటున్నాను. లోపలి గదిలో ఒక స్త్రీ అరిచింది.

నేను ఉలికిపడలేదు. ముద్దను గుండ్రంగా తిప్పి కంచంలో పెట్టి, నడుమ వేలితో గుంట చేసి ఆకుకూర పులుసు పోశాను. అరిచినది స్త్రీ కాదని నాకు తెలుసు. అసలు మనిషే కాదు. మా కోడలు ఇళవరసి, సంగీతం కూర్చే సాఫ్ట్‌వేరుతో, ఎవరి గొంతునూ అరువు తెచ్చుకోకుండా కంప్యూటరులో పుట్టించిన అరుపు అది. ఫోనుల్లో ఆడుకొనే ఆటలకూ, భయపెట్టే సీరియళ్ళకూ అటువంటివి కావాలట. చెన్నైలో ఒక కంపెనీ అడుగుతుంది, ఈమె చేసి పంపుతుంది. కారిమంగళం నుంచి మా ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని ఆ పని చేస్తూనే ఉంది. ఆ గదిలో ఎందరు స్త్రీలు చచ్చారో, ఎందరు దయ్యాలై లేచారో మా చెవిని పడలేదు. ఆడవారి పని వినబడకుండా జరిగిపోవడమే మా ఇంట మర్యాద.

ఆనాడు హెడ్‌ఫోన్ తీయించినవారు మా ఆయనే.

"ఇది కాదు," అన్న గుసగుస వినిపించింది. "పిల్లి తోక తొక్కినట్టుండాది. అమ్మ కూత ఇట్లుంటాదా? మళ్ళా చెయ్యి."

ఆయన గుసగుసలోనే మాట్లాడాలి. సంక్రాంతి వచ్చే తైమాసంలో సేలం డాక్టరు ఆయన గొంతులో పెరిగిన కండను కోసి తీశాడు. గొంతెత్తితే మాట శాశ్వతంగా పోతుందని హెచ్చరించి పంపాడు. ఊరూరా సెంట్రింగు పనులు చేయించిన మేస్త్రీ లోకనాథన్, నలుగురు కూలీలను ఒక్క కేకతో పరుగెత్తించిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా చేతిని నేలకేసి తట్టి పిలుస్తారు. ఆ తట్టుడుకు లేచి వెళ్ళేటప్పుడు నాకొక వింత ఆలోచన వచ్చేది. ఇన్నేళ్ళూ నేను ఈ ఇంట్లో మాట్లాడిన తీరు ఇదే కదా! నన్ను ఏ డాక్టరూ కోయలేదు.

ఆయన గొంతు పోవడం మా ఇంటికి మాత్రమే చెందిన కష్టం కాదు. మా ఊరి తల్లి కూతమ్మ. ఇండూరుకు ఆవల, మా తెలుగువాళ్ళు ఈ తమిళ నేలకు వచ్చి స్థిరపడిన తొలి కాలంలో, పశువులను తోలుకుపోయే దొంగలు కొండ దిగడం చూసి, బండ మీద పిడకలు ఏరుకొంటున్న ఒక ఇల్లాలు ఊరిని మేలుకొలపడానికి అరిచిందట. అరిచి అరిచి గొంతు పగిలి అక్కడే ప్రాణం విడిచిందట. ఊరు బతికింది. బండ పక్కన ఆమె రూపు చెక్కిన రాయి ఉంది. నోరు తెరుచుకొని ఉంటుంది. నేను నిత్యం దీపం పెట్టి మనసులో తలుచుకొనే దైవం ఆ తెరిచిన నోరే.

ఏటా ఎండలు ముదిరే పంగుని నెలలో ఆమెకు తిరువిళా, అంటే జాతర. ఆనాటి ఉదయం పొద్దు కొండ మీదికి రాగానే, పసుపు చీర కట్టిన ఒక మగవాడు బండ ఎక్కి తల్లి కూత వేస్తాడు. ఆ కూత ముగిసే దాకా, నిద్ర లేచింది మొదలు, ఊరి ఆడవారెవ్వరూ నోరు విప్పరాదు. చంటిబిడ్డకు జోల కూడా పాడకూడదు. గొంతు పగిలి చనిపోయిన తల్లికి గౌరవంగా ఆడవారంతా గొంతు మూసుకోవాలి, ఆమె కూతను మాత్రం మగవాడు వేయాలి. ఈ ఏర్పాటును నేను చాలాకాలం భక్తి అనే అనుకొన్నాను.

కూత వేసే హక్కు మా ఇంటిది. మామగారి తరువాత మా ఆయనకు వచ్చింది. కూత ఆయనదే అయినా దానికి కావలసిన గొంతును కాపాడే పని నాది. ముందరి మాసి నెల నుంచే మిరియాల కషాయం కాచాలి, చల్లనివేవీ ఇంట్లోకి రాకుండా చూడాలి, పసుపు చీరను ఉతికి గంజి పెట్టి ఎవరి నీడా పడకుండా ఆరవేయాలి. కూత అయిన తరువాత ఊరంతా ఆయన కాళ్ళకు మొక్కుతుంది. నేను ఇంటికి వచ్చి కషాయం గిన్నె తోముతాను.

ఈ ఏడు కూత వేయలేకపోతే హక్కు ఆయన చిన్నాయన కొడుకు వేడియప్పన్ ఇంటికి పోతుంది. మా అబ్బాయి అన్బళగన్ గొంతు కూతకు పనికిరాదు, పైగా వాడు హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఆదివారం తప్ప కదలలేడు. అప్పుడే మా ఆయనకు కోడలి పని గుర్తుకు వచ్చింది. అంతవరకూ ఆ పనికి ఆయన పెట్టిన పేరు "పిశాచాల వేల." పనిని ఇక్కడ వేల అంటారు. నలుగురిలో ఎవరైనా కోడలేం చేస్తుందని అడిగితే "ఇంట్లోనే ఉంటాది" అని ముగించేవారు. ఇప్పుడు ఆ పిశాచాల గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళారు.

ఈ సంగతి తేల్చడానికి గుడి రేకుల పందిరి కింద పెద్దలు కూర్చొన్నారు. ఆడవారం వెనక నిలబడ్డాం. వేడియప్పన్ నవ్వుతూనే గుచ్చాడు.

"ఏమన్నా, అమ్మను కోడలి పెట్టెలో పెట్టి అరిపిస్తావా? బటన్ నొక్కితే దేవత, ఆఫ్ చేస్తే రేడియోనా?"

"నీ గొంతు కంటే పెట్టె నయం రా. నువ్వు అరిస్తే మేకలు తిరిగి చూస్తాయి," అని మా ఆయన గుసగుసలాడితే, పక్కనున్నవాడు ఆ మాటను అందరికీ బిగ్గరగా చెప్పాడు. పందిరంతా నవ్వింది.

నవ్వు ఆగాక పెద్దాయన మునియన్ ఇళవరసిని ముందుకు పిలిచాడు. "ఇదో పుళ్ళా, ఒకటే మాట చెప్పు. ఆ అరుపులో ఆడగొంతు ఉండాదా? ఏ మూలనైనా?"

"లేదు తాతా. ఎవరి గొంతూ లేదు. అంతా కరెంటే."

"సరి. కరెంటుకేమి తీట్టు?" అన్నాడు మునియన్. నెల మైలను ఇక్కడ తీట్టు అంటారు. ఆ మాటతో తీర్పు అయిపోయింది. బండ మీద మా ఆయన ఎప్పటిలాగే పసుపు చీరలో నోరు తెరిచి నిలబడతారు, కింద టార్పాలిన్ చాటున కూర్చొని ఇళవరసి అరుపు పలికిస్తుంది, స్పీకరు మోగుతుంది. ఆమె చేతులు ఎవరి కంటా పడకూడదు. గొంతే కాదు, ఆ పూట ఆడదాని చేయి కూడా కనబడరాదన్నమాట.

ఇంటికి వచ్చే దారిలో ఆయన కోడలి పక్కన నడుస్తూ చెప్పిన మాట నేను వెనక నుంచి విన్నాను. "అమ్మకు పనికిరాని వేల ఇంటికీ పనికిరాదు. ఈ కూత రాలేదంటే ఆ పెట్టె కట్టేసి కారిమంగళం పంపించేస్తా. తరవాత నువ్వు వంటింట్లో ఉంటే చాలు."

ఇళవరసి తల వంచుకొని నడిచింది. ఆ వంచిన తలను నేను ఎరుగుదును. పెళ్ళికి ముందు నాకూ ఒక విద్య ఉండేది. మా నాయన ఈ ప్రాంతంలో తెలుగు అక్షరం చదవగలిగిన కొద్దిమందిలో ఒకడు. ఉత్పలమాలలో ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, చంపకమాలలో లఘువులను ఎట్లా జారవిడవాలో, యతి దగ్గర గొంతును ఎంత ఆపాలో నాకు ఆయనే నేర్పాడు. మా ఇంటి ముంగిట నేను పద్యం ఎత్తుకొంటే దారిన పోయేవారు నిలబడి వినేవారు. అత్తవారింట మొదటి శుక్రవారమే దీపం ముందు గొంతెత్తి చదివాను. అత్తగారు పొన్నుత్తాయి పొయ్యి దగ్గర నుంచే అన్నది: "ఆడదానికి ఇంత సత్తం ఏమిటికే? దేవుడికి చెవుడా?" ఆనాటి నుంచి నా పద్యాలన్నీ పెదవుల లోపలే. దేవుడికి చెవుడు లేదన్నది నిజమే. నాకే నా గొంతు వినబడక ఎంతో కాలమైంది.

తరువాతి రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పొద్దున్నే ఆమె గదిలో అరుపు మొదలవుతుంది. గోడకు ఆనుకొని ఆయన వింటారు. చేతిని నేలకేసి కొడతారు. "ఇది కాదు." మళ్ళీ అరుపు. మళ్ళీ చేయి. చెన్నై కంపెనీవాళ్ళ ఫోను మోగి మోగి ఆగేది, తీసి మాట్లాడే సందు ఆమెకు ఉండేది కాదు. నడుమ నేను కషాయం తీసుకొని వెళ్ళేదాన్ని, ఎవరికో నాకే తెలియకుండా.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్న వేళ ఇళవరసి నా చేయి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"అత్తమ్మా, మామ కూతను ఏటేటా విన్నది మీరే. నేను వచ్చినాక విన్నది ఒకేసారి, అదీ గుంపులో వెనక. దీంట్లో ఏమి తక్కువో చెప్పండి. నాకు బుర్ర పని చేయలే."

హెడ్‌ఫోన్ నా చెవులకు తొడిగింది. తెర మీద రంపపు పళ్ళ వంటి గీత ఒకటి కదిలింది. ఆమె హార్మోనియం వంటి తన కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కింది. అరుపు నా తల లోపలే పుట్టినట్టయింది. ఆమె వేలు మెట్టు మీద ఉన్నంతసేపూ అది సాగింది, వేలు తీయగానే ఆగింది.

"మొదట్లో ఊపిరి లేదమ్మా," అన్నాను.

"ఊపిరి పెట్టినాను కదా. వాన చప్పుడు మాదిరి ఒకటి కలిపినాను."

"ఆ ఊపిరి కాదు. నోరు తెరుచుకొంటుంది, ఏమీ రాదు. లోపలికి పీల్చుకోవడం మాత్రం ఉంటుంది. ఆ ఖాళీ తరువాతే అరుపు." ఆమె ఏవో మీటలు జరిపింది. మళ్ళీ నొక్కింది. "ఇప్పుడు గొంతు నున్నగా ఉంది. పైకి పోయినచోట చిరగాలి. గుడ్డ చిరిగినట్టు."

"రెండు గొంతులు పెట్టి ఒకదాన్ని కొంచెం శ్రుతి తప్పిస్తే చిరుగుతాది. ఉండండి."

పద్యానికి యతి ఉంటుంది, ఊపిరిని దాచి కొద్దికొద్దిగా వదిలే నేర్పు ఉంటుంది. ఆ అరుపుకు అవేవీ లేవు. ఉన్నదంతా ఒక్కసారే ఖర్చయిపోతుంది. అదే ఆమెకు చెప్పాను. ఎక్కడ పదును పెరగాలో, ఎక్కడ అది పిలుపువలె వంగాలో చెప్పాను. ఎవరిదో ఎముక విరిగితే అతికేవారు చెప్పినట్టు, తొణకకుండా, ఒక్కొక్కటిగా చెప్పాను. చివరికి ఆమె నొక్కిన మెట్టు నుంచి వచ్చినది విని హెడ్‌ఫోన్ తీసేశాను.

ఇళవరసి నా మొహం చూసింది. "అత్తమ్మా, ఇది మామ కూత చెప్పినట్టు లేదు. ఎవరు అరిచినారు ఇట్ల?"

"నేను," అన్నాను.

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట. మా మొదటి బిడ్డ ఆడపిల్ల. అముద అని పేరు పెట్టుకొన్నాం. నడక నేర్చి గడప దాటుతున్న వయస్సులో జ్వరం వచ్చి, పట్టపగలు, నా ఒడిలోనే పోయింది. నేను అరిచాను. ఒక్కసారే. ఆ అరుపు పూర్తి కాకముందే ఆయన అరచేయి నా నోటి మీద పడింది. దంతాలు పెదవిలోకి దిగేంతగా నొక్కారు. వాకిట్లో నిలబడి అత్తగారు "సత్తం వద్దు, తిరువిళా వస్తా ఉండాది, నలుగురూ ఏమనుకొంటారు" అంటోంది. ఆ ఏడే మామగారు మంచాన పడి, మా ఆయన తొలిసారి బండ ఎక్కారు. అదివరకు ఇంట్లో ఎంత సాధన చేసినా ఆయనకు కూత రాలేదు. ఆ ఉదయం వచ్చింది. ముందు నోరు తెరుచుకొంది, ఖాళీ. తరువాత గుడ్డ చిరిగినట్టు. చివర ఉన్నట్టుండి తెగింది. మౌనం పట్టి గుంపులో కూర్చొన్న నాకు నా నోరే బండ మీద కనబడింది. ఊరు ఊగిపోయింది. తల్లి గొంతు పగిలిన క్షణం కళ్ళకు కట్టిందన్నారు. ఆ కూతకు మా ఊరే కాదు, బి. మల్లాపురం నుంచి కూడా జనం వచ్చేవారు.

ఇళవరసి నా చేతిలోని హెడ్‌ఫోన్ తీసుకొని బల్ల మీద పెట్టింది. "మామకు తెలుసా?"

"తెలిసి చేసి ఉండరు. దుఃఖం ఆయనకూ ఉంది కదా. తెలియకుండానే గొంతులోకి వచ్చి ఉంటుంది." ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకొన్న మాటే ఆమెకూ చెప్పాను. దాన్ని పట్టుకొనే ఆయనకు కషాయం కాచాను, పసుపు చీర ఆరవేశాను, పక్కన పడుకొన్నాను.

సాయంత్రం ఆయన కొత్త అరుపు విన్నారు. గోడకు ఆనించిన వీపు నిటారుగా లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే! ఇదే అమ్మా! ఎట్ల పట్టినావు?"

ఇళవరసి నా వైపు చూడకుండా అంది. "విన్నవాళ్ళు చెప్పినారు మామా."

"ఆఖర్న ఒకటి సరిలేదు. ఊరికే ఆగిపోతా ఉండాది. అట్ల కాదు." ఆయన దగ్గరికి జరిగి, తన కుడి అరచేతిని తెరిచి తన నోటికి అడ్డంగా పెట్టి చూపించారు. "చెయ్యి పెట్టి మూసినట్టు తెగాల. లోపల ఇంకా ఉండాల, బయటికి రాకూడదు. తెలిసిందా?"

నా చేతిలో గిన్నె ఉంది. అది కింద పడలేదు. నేను దానిని నెమ్మదిగా గట్టు మీద పెట్టాను. ఆయనకు తెలుసు. మొదటి ఏడు నుంచే తెలుసు. ఎక్కడ మొదలైందో, ఎంత పెరిగిందో, ఎవరి చేయి ఎక్కడ పడిందో అన్నీ లెక్కగా గుర్తుపెట్టుకొని, ఏటేటా చీర కట్టుకొని, దానిని ఊరికి వినిపించి మొక్కులందుకొన్నారు. నా బిడ్డ పేరును మాత్రం ఇంట్లో తలవనివ్వలేదు. ఇళవరసి కళ్ళెత్తి నన్ను చూసింది. ఆ రాత్రి దీపం ముందు కూర్చొంటే పద్యం పెదవుల లోపలికి కూడా రాలేదు. ఆ తల్లి తెరిచిన నోరొక్కటే కళ్ళ ముందు నిలిచింది. ఆ రాయి చెక్కినవాడు ఆ నోటికి అడ్డంగా ఏ చేయీ చెక్కలేదు కదా అనుకొన్నాను.

తిరువిళా ఉదయం ఊరిలో ఆడగొంతు లేదు. గాజుల చప్పుడు, చెంబుల చప్పుడు, బిడ్డల ఏడుపు. మొలకెత్తిన ధాన్యపు పళ్ళేలు నెత్తిన పెట్టుకొని స్త్రీలంతా బండ ముందు బారులు తీరి కూర్చొన్నారు. నేను టార్పాలిన్ చాటున ఇళవరసి పక్కన కూర్చొన్నాను, ఆమెకు మంచినీళ్ళు అందించే నెపంతో. చిరుగుల నుంచి బండ కనబడుతోంది. నేను గంజి పెట్టిన చీరలో ఆయన ఎక్కారు. ఎప్పటివలెనే అందంగా ఉన్నారు. పొద్దు కొండ అంచున మెరిసింది. డప్పులు ఆగాయి.

ఆయన నోరు తెరిచారు. ఇళవరసి మెట్టు నొక్కింది.

ముందు ఆ ఖాళీ. తరువాత అరుపు బండనూ, జనాన్నీ, తాటితోపునూ దాటి కొండకు తగిలింది. చాలామంది చేతులు జోడించారు. అరుపు పైకి పోయింది, చిరిగింది, వంగింది. తెగవలసిన చోటు వస్తోంది. ఇళవరసి వేలు తీయడానికి సిద్ధంగా, నా వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. నేను మౌనవ్రతంలో ఉన్నాను. జవాబు చెప్పరాదు.

నా అరచేతిని ఆమె వేలి మీద పెట్టి నొక్కి పట్టాను.

బండ మీద ఆయన, ఆ చోటు రాగానే, గదిలో కోడలికి చూపినట్టే కుడి అరచేతిని నోటికి అడ్డంగా కొట్టుకొన్నారు. నోరు మూసుకొంది. అరుపు ఆగలేదు. మూసిన నోటితో ఆయన నిలబడి ఉండగా, అరుపు ఊరి మీద సాగుతూనే ఉంది. కంప్యూటరుకు ఊపిరి అయిపోదు. జనం మొదట ఆయన వైపు చూశారు, తరువాత స్పీకరు వైపు, తరువాత ఒకరి మొహాలు ఒకరు. ఆయన చేయి నోటి మీద నుంచి దిగలేదు. ఆ చేతి మీదుగా ఆయన కళ్ళు టార్పాలిన్‌ను వెదుకుతున్నాయి. నా చేతి కింద ఇళవరసి వేలు లేవలేదు. తరువాత ఆ వేలే బలంగా నొక్కడం నాకు తెలిసింది.

వేడియప్పన్ పరుగెత్తుకొని వచ్చి టార్పాలిన్ లాగేశాడు. వెలుగు మా ఇద్దరి మీదా, మెట్టు మీద మా చేతుల మీదా పడింది. వెనక మునియన్, ఆయన వెనక ఊరు.

"ఆపమ్మా! ఆపు!" వేడియప్పన్ ఆ అరుపును మించి అరిచాడు. "గొంతే లేదంటివి కదా! ఎవరిదిది?"

అరుపు సాగుతూనే ఉంది. నేను ఇళవరసి వేలు వదలకుండానే తలెత్తాను. బండ మీది మనిషిని చూశాను. ఆయన పక్కన, నోరు తెరిచిన రాతిని చూశాను. దీపం ముందు పద్యం ఎత్తుకొనే ముందు మా నాయన నేర్పినట్టు నిండుగా ఊపిరి తీసుకొన్నాను.

"నాది," అన్నాను.